సైకిల్ భాగాలు: తేలికవి కొనాలా, గట్టివి కొనాలా?

సైకిల్‌కు కొత్త చక్రాలో, హ్యాండిలో, క్యాసెట్టో (వెనక చక్రం మీది పళ్లచక్రాల గుత్తి) మార్చాలనుకున్నప్పుడు మన ముందు రెండు అంకెలుంటాయి. ఒకటి ధర, రెండోది గ్రాముల్లో బరువు. ఆ భాగం ఎన్నేళ్లు నిలుస్తుందో, పాడైతే ఎలా పాడవుతుందో పెట్టె మీద ఎవరూ రాయరు. దాంతో తూకం చూసి నిర్ణయం తీసుకోవడం అలవాటైపోయింది. ఎంతోమంది ఇలాగే తప్పు చోట గ్రాములు తగ్గించుకుని, తగ్గించుకోదగిన చోట బరువు మోస్తుంటారు.

## ముందు ఈ నాలుగు ప్రశ్నలు

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఈ భాగం పాడయ్యేటప్పుడు ముందుగా తెలుస్తుందా, చెప్పకుండా విరుగుతుందా? చైన్ సాగుతుంది, టైరు అరుగుతుంది, క్యాసెట్ పళ్లు మొనదేలతాయి. ఇవన్నీ కంటికి కనిపించేవి, కొలతకు దొరికేవి. వీటిలో తేలికవి ఎంచుకుంటే పోయేది కొంత డబ్బు, కొంత సమయం. హ్యాండిల్, దాన్ని పట్టి ఉంచే స్టెమ్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ అలా కాదు. అవి విరిగిన క్షణంలో మనిషి రోడ్డు మీద ఉంటాడు. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

రెండో ప్రశ్న: తగ్గే గ్రాములు మీ ప్రయాణంలో నిజంగా పనికొస్తాయా? మూడోది: ఆ భాగం పాడైన చోట మీకు సాయం దొరుకుతుందా? ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో స్పోక్ తెగడం వేరు, మనుషులు లేని దారిలో తెగడం వేరు. నాలుగోది: మీ ఒంటి బరువు, సైకిల్ మీద మోసే సామాను. కొన్ని తేలిక భాగాలకు తయారీదారులే బరువు పరిమితి పెడతారు. టైటానియం ఇరుసున్న పెడల్స్‌లో కొన్నిటికి ఆ పరిమితి 80 నుంచి 90 కిలోల మధ్యే ఉంటుంది. ఆ గీతకు దగ్గరలో ఉన్నవాళ్లు ఆ వస్తువు జోలికి పోకపోవడం మంచిది.

## అర కిలో తగ్గితే ఎంత లాభం?

చిన్న లెక్క వేద్దాం. 70 కిలోల మనిషి, 10 కిలోల సైకిల్, నీళ్లూ పనిముట్లూ సామానూ కలిపి 5 కిలోలు. మొత్తం 85. ఇందులోంచి అర కిలో తీసేస్తే తగ్గేది 0.6 శాతం. బాగా ఎత్తుగా ఉన్న రోడ్డు మీద మన శక్తిలో ఎక్కువ భాగం బరువును పైకి లాగడానికే పోతుంది కాబట్టి, గంట పట్టే ఎక్కుడులో ఇరవై సెకన్ల వరకు కలిసొస్తాయి. చదును రోడ్డు మీద లెక్క పూర్తిగా మారిపోతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ అర కిలో వల్ల టైర్ల మీద పడే అదనపు భారం పావు వాట్‌కు కూడా చేరదు. అక్కడ అసలు పోరు గాలితో.

"చక్రం బరువు రెండింతలు లెక్క" అనే మాట తరచుగా వినిపిస్తుంది. అందులో నిజం ఉంది, కానీ వేగం పెంచుకునే క్షణాలకే అది వర్తిస్తుంది. రిమ్ముల్లో 200 గ్రాములు తగ్గాయనుకోండి. ఆగి ఉన్న సైకిల్‌ను గంటకు 30 కిలోమీటర్ల వేగానికి తేవడంలో మిగిలేది 14 జౌళ్లు. 200 వాట్లతో తొక్కే మనిషి కాళ్లు అంత శక్తిని సెకనులో పదో వంతులోపే ఇస్తాయి. ఒకే వేగంతో ఎత్తు ఎక్కుతున్నప్పుడైతే రిమ్ముల్లోని గ్రాముకు, సీటు కింది గ్రాముకు తేడా లేదు.

అలాగని తేలిక సైకిల్ ఇచ్చే ఆనందాన్ని కొట్టిపారేయలేను. హ్యాండిల్ తిప్పగానే స్పందించే ముందు చక్రం, నిలబడి తొక్కితే ముందుకు దూకే సైకిల్, మెట్ల మీద ఒంటి చేత్తో మోసుకెళ్లగలగడం, ఇవన్నీ రోజూ అనుభవంలోకి వచ్చేవే. దానికోసం డబ్బు పెట్టడం తప్పేమీ కాదు. గడియారం మీద కనిపించే లాభం మాత్రం మనం ఊహించుకునేదానికన్నా చాలా చిన్నది. పోటీల్లో కూడా సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకూడదని 2000 నుంచి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నియమం ఉంది.

## లోహాన్ని చూసి మోసపోవద్దు

ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, టైటానియం 4.5, అల్యూమినియం 2.7. ఈ అంకెలు చూస్తే అల్యూమినియం గెలిచినట్టే. కానీ ఒంగకుండా నిలబడే గుణంలో ఉక్కు విలువ 200 గిగాపాస్కల్స్ అయితే టైటానియంది 110, అల్యూమినియంది 70. సాంద్రతతో భాగించి చూడండి, మూడూ దాదాపు ఒకచోటికే వస్తాయి. అంటే ఏ లోహమూ ఊరికే తేలికదనాన్ని ఇవ్వదు. గొట్టం లావు పెంచి, గోడ పల్చన చేయడం వల్లే తూకం తగ్గుతుంది. గోడ పల్చబడిన కొద్దీ సొట్టలకు, గీతలకు, అతిగా బిగించడానికి తట్టుకునే శక్తి తగ్గుతుంది. బరువుకూ మన్నికకూ మధ్య బేరం కుదిరేది ఇక్కడే.

అల్యూమినియానికి ఇంకో గుణం ఉంది. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగినట్టు, లోహాలు పదేపదే పడే భారానికి అలసిపోతాయి. ఉక్కులో, టైటానియంలో ఈ అలసటకు ఒక హద్దు ఉంటుంది. భారం ఆ హద్దు కింద ఉన్నంతకాలం భాగం ఎన్నిసార్లు వంగినా పగుళ్లు రావు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ప్రతి కుదుపూ ఎంతో కొంత ఖాతాలో పడుతుంది. తగినంత మందంగా చేసిన అల్యూమినియం భాగం చాలా ఏళ్లు నిలుస్తుంది. గ్రాముల కోసం చెక్కేసినది నిలవదు. అందుకే "ఇది అల్యూమినియమా?" అన్నదానికన్నా "ఎంత పల్చన చేశారు?" అన్నది అడగాల్సిన ప్రశ్న.

కార్బన్ నారతో చేసిన భాగం అలసట విషయంలో గట్టిది. దానికి శత్రువులు వేరు: పక్కనుంచి తగిలే దెబ్బ, బిగింపు దగ్గర నలిగిపోవడం. పైకి పెయింట్ చెక్కుచెదరకపోయినా లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. సైకిల్ పడిపోతూ, తగులుతూ, గుంపులో నిలబెడుతూ బతికేదైతే ఈ ఒక్క కారణంతో కార్బన్‌ను పక్కన పెట్టొచ్చు.

## టైర్లు: గ్రాముల కన్నా వాట్లు చూడాల్సిన చోటు

ఏ భాగంలోనైనా మార్పు వెంటనే తెలిసేది టైర్లలోనే. నేను ఎవరికైనా మొదట సూచించేది ఇదే. ఒక కొసన ష్వాల్బే మారథాన్ ప్లస్ లాంటివి ఉంటాయి. ట్రెడ్ కింద 5 మిల్లీమీటర్ల మందాన రక్షణ పొర, 700×35 కొలతలో ఒక్కొక్కటి 900 గ్రాముల చుట్టూ తూగుతుంది. ఇంకో కొసన అదే వెడల్పులో 400 గ్రాముల దగ్గర ఉండే మెత్తటి టైర్లు. జతకు కిలో తేడా. అంతకన్నా పెద్ద విషయం, దొర్లేటప్పుడు తినేసే శక్తి. మందపాటి రబ్బరు ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో అలాంటి జతకూ మెత్తటి జతకూ మధ్య 10 వాట్లకు మించిన తేడా రావచ్చు. ఇది చదును రోడ్డు మీద కూడా ప్రతి నిమిషం కట్టాల్సిన మూల్యం.

ఇక ఎదుటి పక్షం వాదన. రోడ్డు పక్కన ట్యూబ్ మార్చడానికి అలవాటున్న చేతికి కూడా పది నిమిషాలు పడుతుంది. గాజుపెంకులు, ముళ్లు ఉండే దారిలో రోజూ వెళ్లేవాళ్లకు వాట్లలో మిగిలినదంతా ఒక్క పంక్చర్‌తో పోతుంది. చీకట్లో, వానలో, ఆఫీసు టైముకు పంక్చర్ అయితే పడే టెన్షన్‌ను ఏ వాట్లలోనూ కొలవలేం.

ఈ రెండింటి మధ్య దారులున్నాయి. వెనక టైరు ఎక్కువ బరువు మోస్తుంది, తొక్కే బలమంతా దాని మీదే పడుతుంది, త్వరగా అరిగేదీ ఎక్కువగా పంక్చర్ అయ్యేదీ అదే. కాబట్టి వెనక గట్టిది, ముందు మెత్తటిది వేసుకోవచ్చు. అయితే అరిగిన టైరును ముందుకు మార్చకండి. మలుపులో ముందు చక్రం జారితే నిలదొక్కుకోవడం చాలా కష్టం.

ట్యూబ్‌లెస్ ఇంకో దారి. లోపలి ద్రవం చిన్న చిల్లుల్ని తనంతట తానే మూసేస్తుంది కాబట్టి మందపాటి రక్షణ పొర లేకుండానే నెట్టుకురావచ్చు. బదులుగా కొన్ని నెలలకోసారి ద్రవం నింపాలి, టైరును రిమ్ మీద కూర్చోబెట్టడానికి కొంత ఓపిక కావాలి. సైకిల్‌ను నెలల తరబడి మూలన పెట్టేవాళ్లకు ఇది సరిపడదు. ద్రవం ఎండిపోయి గడ్డకడుతుంది.

ట్యూబుల్లో మామూలు బ్యూటైల్ రబ్బరుది ఒకటి 100 గ్రాముల పైన ఉంటే, టీపీయూ (పల్చటి ప్లాస్టిక్ రకం) ట్యూబ్ 30, 40 గ్రాముల్లో వస్తుంది. పాడైతే ఒక పంక్చర్ అవుతుంది, అంతే కదా. ఇలాంటి చోట గ్రాములు తగ్గించుకోవడం తెలివైన పని. రిమ్ బ్రేకులున్నవాళ్లు మాత్రం ఆ ట్యూబ్ వేడిని తట్టుకుంటుందో లేదో పెట్టె మీద చూసి కొనాలి.

## చక్రాలు: సన్నటి స్పోకే గట్టిది

ఇక్కడ తేలికదనమూ మన్నికా ఒకే వైపు నిలబడే అరుదైన సందర్భం ఒకటుంది. మామూలు స్పోక్ అంతటా 2 మిల్లీమీటర్లు ఉంటుంది. డబుల్ బటెడ్ స్పోక్ రెండు చివర్లా 2, మధ్యలో 1.8 ఉంటుంది. చూడ్డానికి బలహీనంగా కనిపించే ఈ రెండోదే ఎక్కువకాలం నిలుస్తుంది. స్పోకులు ఎక్కువగా తెగేది మధ్యలో కాదు, హబ్ (చక్రం నడి భాగం) దగ్గర వంపు తిరిగే మెడలో. నడుము సన్నగా ఉంటే అది కాస్త సాగి కుదుపును మింగుతుంది, మెడ మీద ఒత్తిడి తగ్గుతుంది. 32 స్పోకుల చక్రానికి 30 గ్రాముల దాకా తగ్గుతుంది కూడా. చక్రం కట్టించుకునేవాళ్లు కళ్లు మూసుకుని ఇవే అడగొచ్చు.

స్పోకును రిమ్ముకు బిగించే నిపుల్స్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఇత్తడి నిపుల్ ఒక్కోటి గ్రాము, అల్యూమినియంది అందులో మూడో వంతు. రెండు చక్రాలకూ కలిపి 40 గ్రాములు తగ్గుతాయి. ఉప్పుగాలి, వాన, చెమట తగిలిన చోట ఉక్కు స్పోకుకూ అల్యూమినియం నిపుల్‌కూ మధ్య తుప్పు మొదలవుతుంది. నిపుల్ బిగుసుకుపోతుంది, చక్రం వంకర తీద్దామని తిప్పితే తల ఊడి వస్తుంది. 40 గ్రాములకు ఇంత తలనొప్పి అక్కర్లేదు. ఇత్తడివే వేయించుకోండి.

స్పోకుల సంఖ్య దగ్గర మీ బరువు, మీ దారి మాట్లాడాలి. 20 స్పోకుల చక్రంలో ఒకటి తెగితే మిగిలినవాటి లాగుడు చెదిరిపోయి రిమ్ ఎంతగా వంకరపోతుందంటే, బ్రేకుకో ఫ్రేముకో రాసుకుని అక్కడే ఆగిపోవాల్సి రావచ్చు. 32 లేక 36 ఉన్న చక్రంతో బ్రేకు కాస్త వదులు చేసుకుని ఇల్లు చేరొచ్చు. రిమ్ బ్రేకులైతే రిమ్ గోడ కూడా అరిగే వస్తువే. తేలిక రిమ్ అంటే అరగడానికి తక్కువ లోహం ఉందని అర్థం. అరుగుదల గుర్తును అప్పుడప్పుడు చూసుకోవాలి, గోడ బాగా పల్చబడితే టైరులోని గాలి ఒత్తిడికే పగులుతుంది.

## చైన్, క్యాసెట్

చైన్ ఎలాగూ ఉక్కుదే. బోలు పిన్నులున్న చైన్లతో తగ్గేది 10, 20 గ్రాములు. దాని మీద ఎక్కువ ఆలోచన వద్దు. చైన్ విషయంలో శుభ్రతా, సకాలంలో మార్చడమూ ముఖ్యం. 11, 12 స్పీడ్ (వెనక అన్ని పళ్లచక్రాలున్న) చైన్లను 0.5 శాతం సాగగానే, అంతకన్నా తక్కువ స్పీడ్లవాటిని 0.75 శాతం దగ్గర మార్చేస్తే క్యాసెట్ ఎన్నో చైన్ల పాటు వస్తుంది.

క్యాసెట్లలో టైటానియం పళ్లున్నవి ఉక్కువాటికన్నా 80, 100 గ్రాములు తేలిక, కానీ త్వరగా అరుగుతాయి. పోటీ రోజుకు ఒకటి, సాధనకు ఉక్కుది ఒకటి పెట్టుకోగలిగినవాళ్లకు అవి సరిపోతాయి. మిగతావాళ్లకు ఉక్కే. ఇక్కడ మరో చిన్న విషయం. విడివిడి ఉక్కు పళ్లచక్రాలు అల్యూమినియం ఫ్రీహబ్ (క్యాసెట్‌ను మోసే హబ్ భాగం) మీద కూర్చుంటే తొక్కే బలానికి దాని గాడుల్లోకి దిగబడతాయి. కొన్నాళ్లకు క్యాసెట్ ఊడి రాక ఇబ్బంది పెడుతుంది. పెద్ద పళ్లచక్రాలు ఒకే అల్యూమినియం చట్రానికి బిగించి వచ్చే క్యాసెట్‌తో ఈ బాధ తగ్గుతుంది, బరువు కూడా తగ్గుతుంది.

## హ్యాండిల్, స్టెమ్, సీట్ పోస్ట్, క్రాంక్

ఇక్కడ నా మాట కటువుగానే ఉంటుంది: గ్రాముల కోసం ఈ భాగాలు ఎంచుకోవద్దు. హ్యాండిల్‌లో తగ్గేది 60, 80 గ్రాములు, అంటే నాలుగైదు గుక్కల నీళ్లు. విరిగితే ముఖం మీద పడతాం. ఐఎస్‌ఓ 4210 అనే అంతర్జాతీయ సైకిల్ భద్రతా ప్రమాణం ప్రకారం పరీక్షించిన భాగమా కాదా చూడండి. ఆ పరీక్షల్లో హ్యాండిల్‌నూ స్టెమ్‌నూ ఫోర్క్‌నూ పదేపదే భారం వేసి అలసట పరీక్ష చేస్తారు. పేరూ ఊరూ లేని, అసాధారణంగా తేలికైన స్టెమ్ ఎంత చవకగా దొరికినా వదిలేయండి.

కార్బన్ హ్యాండిల్ తీసుకుంటే టార్క్ రెంచి (బిగింపును కొలిచే పానా) కూడా తీసుకున్నట్టే లెక్క. చాలా స్టెమ్‌ల బిగింపు హద్దు 5 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది, చేతి అంచనా దాన్ని సులువుగా దాటేస్తుంది. అల్యూమినియం హ్యాండిల్ ఉన్నవాళ్లు టేప్ మార్చేటప్పుడు కింద చూడాలి. చెమట ఇంకి లోహం తెల్లగా పొడిబారి గుంటలు పడి ఉంటే ఆ హ్యాండిల్ పని అయిపోయినట్టే.

టైటానియం, అల్యూమినియం మరల విషయంలోనూ ఇదే నియమం. బాటిల్ పట్టీకి వేసుకోండి. స్టెమ్‌కు, బ్రేకుకు కంపెనీ ఇచ్చిన ఉక్కు మరలే ఉంచండి.

| భాగం | తేలికదాంతో తగ్గే బరువు | ఎలా పాడవుతుంది | నా ఎంపిక |
|---|---|---|---|
| ట్యూబులు (జత) | 120–150 గ్రా. | పంక్చర్ | తేలికవి |
| టైర్లు (జత) | 1 కిలో దాకా | అరుగుదల, పంక్చర్ | దారిని బట్టి |
| డబుల్ బటెడ్ స్పోకులు | చక్రానికి 30 గ్రా. | మెడ దగ్గర తెగుతాయి, తక్కువగా | తేలికవి |
| నిపుల్స్ | 40 గ్రా. | తుప్పు, తల ఊడటం | ఇత్తడివి |
| క్యాసెట్ | 80–100 గ్రా. | పళ్లు అరుగుతాయి | పోటీకి తప్ప ఉక్కుది |
| హ్యాండిల్, స్టెమ్ | 60–150 గ్రా. | హఠాత్తుగా విరగొచ్చు | గట్టివి |
| బాటిల్ పట్టీ | 20–40 గ్రా. | విరిగితే బాటిల్ పడుతుంది | ఏదైనా |

## మీరు ఏ రకం?

రోజూ పనికి వెళ్లేవాళ్లు: మన్నికే ముందు. సైకిల్ మొరాయించకుండా పొద్దున్నే కదలడం మీకు అన్నిటికన్నా విలువైనది. రక్షణ పొరున్న టైర్లు, 32 స్పోకులు, ఉక్కు క్యాసెట్. బరువు తగ్గించాలనిపిస్తే బ్యాగులో మోస్తున్న గొలుసు తాళం వైపు చూడండి, సగం కిలో అక్కడే దొరుకుతుంది.

దూర ప్రయాణాలు చేసేవాళ్లకు మన్నికతో పాటు ఇంకొకటి కావాలి: ఎక్కడైనా బాగు చేయించుకోగలగడం. 36 స్పోకుల వెనక చక్రం, ఇత్తడి నిపుల్స్, ఉక్కు ఫోర్క్, తక్కువ స్పీడ్ల మందపాటి చైన్. 15 కిలోల సామాను వేసుకున్నాక భాగాల్లో తగ్గించిన 300 గ్రాములు తెలియనే తెలియవు. ఆ సామానునే ఇంకోసారి తిరగేయండి. డేరా, బట్టలు, వంట సరంజామాలో కిలోలు తగ్గుతాయి.

ఎత్తులు ఎక్కడం ఇష్టపడేవాళ్లకు, పోటీలకు వెళ్లేవాళ్లకు తేలికదనం న్యాయమైన కోరికే. వరస ఇలా పెట్టుకోండి: ముందు టైర్లూ ట్యూబులూ, తర్వాత చక్రాలు, ఆ తర్వాత క్యాసెట్. హ్యాండిల్‌నూ స్టెమ్‌నూ మార్చాలనుకుంటే అన్నిటికన్నా చివర్లో, అదీ పేరున్న తయారీ అయితేనే. ఫ్రేమ్ ఎంత తేలికైనా, ఏదైనా పడిందంటే పూర్తిగా పరీక్షించుకోవాలన్న క్రమశిక్షణ మీకుండాలి.

రాళ్ల దారుల్లో, అడవి బాటల్లో తొక్కేవాళ్లకు చక్రాలే ప్రాణం. అక్కడ తేలిక రిమ్ సొట్టపడితే రోజంతా పోయినట్టే. కాస్త లావు టైరు, తక్కువ గాలి, ట్యూబ్‌లెస్ పెట్టుకుంటే రిమ్ కూడా బతుకుతుంది.

ఒంటి బరువు 95, 100 కిలోలు దాటినవాళ్లు ఒక్క పని చేస్తే చాలు. వెనక చక్రాన్ని 36 స్పోకులతో, మంచి చేయి ఉన్న మెకానిక్ దగ్గర కట్టించుకోండి. స్పోకులు సమానంగా లాగి కట్టిన మామూలు చక్రం, అజాగ్రత్తగా కట్టిన ఖరీదైన చక్రం కన్నా చాలా ఎక్కువ నిలుస్తుంది. లావు టైర్లు వేసుకుంటే స్పోకుల మీద కుదుపు ఇంకా తగ్గుతుంది.

## వాడినవి కొనేటప్పుడు

తేలిక భాగాలు వాడినవి సగం ధరకు కనిపిస్తే మనసు లాగుతుంది. క్యాసెట్‌నూ, పెడల్ దగ్గరి పళ్లచక్రాన్నీ (చైన్‌రింగ్) పళ్లు చూసి, రిమ్‌ను గోడ చూసి, డిస్క్ రోటర్‌ను మందం కొలిచి కొనొచ్చు. షిమానో రోటర్లు కొత్తలో 1.8 మిల్లీమీటర్లు ఉంటాయి, 1.5 దగ్గర మార్చేయాలి. వాడిన కార్బన్ హ్యాండిల్, కార్బన్ సీట్ పోస్ట్, పల్చటి అల్యూమినియం స్టెమ్ మాత్రం వద్దు. అవి ఎన్నిసార్లు పడ్డాయో, ఎంత గట్టిగా బిగించారో బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేరు. మీ సొంత హ్యాండిలైనా సరే, గట్టిగా పడ్డాక అదే పరిస్థితి: పగులు కనిపించకపోయినా మార్చేయండి.